ఆరు అరల జీపు

ఆ పొద్దున శేషాచలం పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసు వేళకి ముందే చిలకలపూడి వెళ్ళి, జీపు వెనక భాగంలో సరిగ్గా ఇమిడే అరల పెట్టె ఒకటి వడ్రంగికి పురమాయించాలి. అరగంటలో తెమిలిపోతుందనుకున్నాడు.

శేషాచలం బందరులో వ్యవసాయ శాఖ అధికారి. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. ఈడేపల్లిలో ఒక గది అద్దెకి తీసుకుని, తీరిక వేళల్లో మనస్తత్వ శాస్త్ర గ్రంథాలు చదువుకుంటాడు. మనుషులతో మాట్లాడడం కంటే మనుషుల గురించి ఆలోచించడం అతనికి తేలిక. అయినా వారానికి మూడు రోజులు మాటలు తప్పవు. యుద్ధంలో తిరిగి తిరిగి చివరికి ప్రభుత్వానికి దక్కిన పాత జీపులో దివిసీమ గ్రామాలు చుట్టి, రైతులకి విత్తనాల గురించీ మందుల గురించీ చెప్పాలి.

ఆ జీపు వెనక విత్తనాల సంచులు, మైలుతుత్తం డబ్బాలు, పురుగుల మందు పొట్లాలు, పశువుల మందులు, త్రాసు, పెట్రోమాక్స్ దీపం, టైరు పంపు ఒకదాని మీద ఒకటి దొర్లుతుండేవి. కాలవ గట్టు మీద ఒక్కో గుంట దాటినప్పుడల్లా అవి చోట్లు మార్చుకునేవి. కిందటి వారం మందు పొట్లం చిరిగి, అతని కారియరులో పెరుగన్నం మీద పడింది.

ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. మైలుతుత్తం తెమ్మంటే డ్రైవరు ఏసుబాబు డబ్బాలన్నీ వరసగా మూతలు తీసి వాసన చూస్తున్నాడు.

"డబ్బా మీద అంతంత అక్షరాలుంటే వాసన చూస్తావేమిటయ్యా?" అన్నాడు శేషాచలం.

"దాని మీద ఉన్నయ్యండి అక్షరాలు. నా దగ్గరే లేవు," అన్నాడు ఏసుబాబు.

శేషాచలానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మరి లాగ్‌బుక్కు? రోజూ ముత్యాల్లాంటి దస్తూరీ!"

"మా కృపావతిదండి. మిషను బళ్ళో అయిదు దాకా చదివింది. దీపాలు పెట్టాక కూచుని, ఏ ఊరెళ్ళాం, ఎన్ని మైళ్ళు తిరిగాం అని అడిగి రాసుద్ది. సంతకం ఒక్కటే నాది. అది కూడా బొమ్మ గీసినట్టు గీస్తాను." ఏసుబాబు డబ్బా మూత బిగించి, చేతులు తుడుచుకున్నాడు. "ఆఫీసులో చెప్పమాకండి బాబూ. ఆరేళ్ళ నించీ టెంపరవరీనే. ఈ ఏడు పర్మినెంటు ఆర్డరు వస్తదంటున్నారు. చదువు రాదని తెలిసిందంటే ఆర్డరు మాట దేవుడెరుగు, ఉన్న సీటే పోద్ది."

"నా నోటి వెంట రాదు. మాట ఇస్తున్నాను," అన్నాడు శేషాచలం.

ఒక మనిషి తన రహస్యాన్ని అతని చేతిలో పెట్టడం అదే మొదటిసారి. ఆ బరువు అతనికి హాయిగా అనిపించింది. రెండు రోజులు అదే తలుచుకున్నాడు. అప్పుడే పుట్టింది అరల పెట్టె ఆలోచన. ఆరు అరలు, ఆరు చిన్న తలుపులు. తలుపు మీద పేరు రాయించడు, బొమ్మ వేయిస్తాడు. ఏసుబాబు ఇక ఏ డబ్బా వాసనా చూడక్కర్లేదు. ఎవరికీ కారణం తెలియదు. ఈ ఆలోచనలోని సున్నితత్వానికి శేషాచలం తనే ముచ్చటపడ్డాడు.

వడ్రంగి నాంచారయ్య పడవలు కట్టేవాడు. "జీపుకి పెట్టేవిటండీ? నీళ్ళ మీద పోయేదైతే చెప్పండి, చేస్తాను," అన్నాడు.

"దివిసీమలో మా జీపు సగం దూరం నీళ్ళలోనే పోతుందయ్యా."

"అట్టాగైతే సరే. మునగని పెట్టె చేసిస్తా."

చేసిచ్చాడు. చక్రాల మీద ఉబ్బి ఉన్న రేకుకి తగినట్టు చెక్కని వంపు తిప్పి కోశాడు. అతుకుల్లో దూది కూరి గుగ్గిలం దట్టించాడు. పెట్టె జీపులోకి దిగాక చుట్టూ గోరు దూరే సందు లేదు. శేషాచలం ఒక్కొక్క తలుపే తెరిచి మూస్తూ పావుగంట నిలబడ్డాడు. ఏసుబాబు మాత్రం అరలో చెయ్యి పెట్టి చూసి, "గాలాడదండి. విత్తనాలు పోస్తే చెమర్చి మొలకలొచ్చేత్తయ్," అన్నాడు.

నాంచారయ్యకి రోషం వచ్చింది. "నా చేత్తో కట్టినదానికి బొక్క పెట్టమంటావా? ముప్పై ఏళ్ళ నించీ బొక్క లేకుండా కట్టడమే నేర్చుకున్నాను."

చివరికి పెట్టక తప్పలేదు. ప్రతి తలుపు పైభాగంలోనూ బెత్తెడు పొడుగు, వేలు దూరేంత వెడల్పు చీలిక కోశాడు. కోస్తున్నంతసేపూ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ చీలిక చూడగానే శేషాచలానికి మరో ఆలోచన మెరిసింది. రైతులు తమకేం కావాలో ఎందుకు చెప్పరు? సిగ్గు. నా పైరుకి తెగులు పట్టిందని, నా ఎద్దుకి రోగం వచ్చిందని నలుగురిలో ఒప్పుకోవడానికి అహం అడ్డొస్తుంది. పరదా వేసి, ఒక్కొక్కళ్ళనే లోపలికి పంపి, చీటీ తమకి కావలసిన అరలో వెయ్యమంటే? మనసు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి! తను చదివిన గ్రంథాలన్నీ ఒక పెట్టె రూపంలో ఎదురుగా నిలబడ్డట్టనిపించింది.

బొమ్మలు మిగిలాయి. కోనేరు సెంటరులో బోర్డులు రాసే గోవర్ధనరావుకి ఆ నెలలో అన్నం తినే తీరిక కూడా లేదు.

"ఏ బొమ్మలండీ?"

"పశువుల మందులకి ఎద్దులు."

"ఉన్నాయి," అని గోవర్ధనరావు రేకు అచ్చు ఒకటి పక్కన పెట్టాడు.

"విత్తనాలకి కంకి."

"ఉంది."

"లైటుకి దీపం, త్రాసుకి తక్కెడ, మైలుతుత్తానికీ పురుగుల మందుకీ చెట్టు, పంపుకీ పనిముట్లకీ సైకిలు."

"అన్నీ ఉన్నాయి." గోవర్ధనరావు అచ్చులన్నీ పేర్చి అతన్ని ఎగాదిగా చూశాడు. "ఆరూ ఒకే బండికేనా? చాలా ధైర్యవంతులండీ మీరు."

తన కొత్త పద్ధతిని మెచ్చుకుంటున్నాడని శేషాచలం నవ్వాడు.

ఆ రోజుల్లో ఓటు కాగితం మీద ముద్ర వెయ్యడం లేదు. పోటీకి నిలబడ్డ ప్రతి మనిషికీ వేరే పెట్టె. పెట్టె మీద అతని గుర్తు. ఓటరు పేరు చెప్పి, చీటీ తీసుకుని, పరదా వెనక్కి వెళ్ళి, నచ్చిన పెట్టెలో వేసి రావడమే. గోవర్ధనరావు అచ్చులు ఆ నెల రోజుల్లో బందరు గోడల మీద, గుడివాడ గోడల మీద పడని చోటు లేదు. పోలింగు వచ్చే శుక్రవారమే. ఇవన్నీ శేషాచలానికి తెలియకపోలేదు. అయితే ఒక విషయం తెలిసి ఉండడానికీ, అది తన దగ్గర దాకా వస్తుందని తోచడానికీ మధ్య అతనిలో ఎప్పుడూ కొంత దూరం ఉండేది.

మంగళవారం ఉదయం ఏసుబాబు జీపు వెనక్కి వచ్చి బొమ్మలు చూశాడు. ఒకసారి చూసి, మళ్ళీ చూసి, "అయ్యగారూ, ఈ బొమ్మలూ..." అన్నాడు.

శేషాచలం చెయ్యెత్తి ఆపాడు. "ఏమీ అనకు ఏసుబాబూ. నాకు తెలుసు."

"అది కాదండి..."

"అనొద్దన్నానా? కొన్ని విషయాలు మాటల్లో పెడితే పలచబడిపోతాయి."

ఏసుబాబు బండి తీశాడు. పులిగడ్డ దగ్గర ఏరు దాటి, నాగాయలంక మీదుగా సముద్రం వైపు గట్లమ్మట దిగి, రేవుపాలెం చేరేసరికి పది దాటింది. బడి ముందు జీపు ఆగింది. ఏసుబాబు వెనక చెక్క దించి, పరదాగా గుడ్డ కట్టాడు. శేషాచలం బడిలోంచి బల్ల తెప్పించుకుని కూర్చున్నాడు.

"మీకేం కావాలో నాకు చెప్పక్కర్లేదు. ఎవరికీ చెప్పక్కర్లేదు," అని మొదలుపెట్టాడు. "పేరు రాయించుకుని చీటీ పుచ్చుకోండి. పరదా వెనక్కి ఒక్కొక్కరే వెళ్ళండి. మీ మనసులో ఉన్న బొమ్మ చూసుకుని, ఆ పెట్టెలో వేసి రండి."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "శుక్కురారం అన్నారు కదండీ?" అన్నాడొక రైతు.

"మంచి పనికి శుక్రవారం దాకా ఆగడం ఎందుకు?" అన్నాడు శేషాచలం ఉత్సాహంగా.

అంతే. ఊళ్ళోకి కబురు పరిగెత్తింది. పొలాల్లోంచి మగవాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు చీరలు మార్చుకుని వచ్చారు. నడవలేని ముసలాయన్ని మంచం మీద మోసుకొచ్చారు. వరస బడి ముందు మొదలై, రామాలయం చుట్టూ తిరిగి, కాలవ వంతెన దాకా పోయింది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో శేషాచలం మాట వినడానికి పది మందికి మించి ఎప్పుడూ రాలేదు. వాళ్ళలో నలుగురు నీడ కోసం వచ్చేవాళ్ళు. ఇప్పుడీ వరస చివర చూడడానికి అతను లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక్క మాట," అన్నాడు ఏసుబాబు వెనకనించి.

"తరవాత."

పున్నమ్మ అనే డెబ్భై ఏళ్ళావిడ బల్ల ముందుకి వచ్చింది. "నా పేరు చెప్పాలా నాయనా, మా ఆయన పేరా?"

"మీ పేరేనమ్మా."

"పున్నమ్మ! గట్టిగా రాయి. కిందటిసారి నా పేరే లేదన్నారు. ఫలానావోడి పెళ్ళాం అని రాసుకున్నారంట. ఈసారి మనిషిననుకున్నావు, నువ్వు చల్లగా ఉండాలి."

ఆవిడ పరదా వెనక్కి వెళ్ళి చాలా సేపు ఉంది. తిరిగొచ్చి ఎడమ చేతి చూపుడు వేలు అతని ముందు చాపింది. "పెట్టవా మరి?"

శేషాచలం వేలు చూశాడు. కొడవలి గీరిన పాత గాటు ఒకటి కనిపించింది. ముసలమ్మ అడగలేక అడుగుతోందని జాలిపడి, పెట్టెలోంచి టించరు అయోడిన్ సీసా తీసి దూదితో అద్దాడు.

"అబ్బ! మండుతుందే!" అంది పున్నమ్మ సంతోషంగా.

వెనకాయన వేలు చాపాడు. ఆ వెనకాయన కూడా. గాటు ఉన్నా లేకపోయినా ప్రతి వాళ్ళూ చాపారు. నలుగురిలో ఒకరికి చేసి ఒకరికి మానడం మనస్తత్వ రీత్యా మంచిది కాదని శేషాచలం అందరికీ అద్దాడు. మధ్యాహ్నానికి సీసా ఖాళీ అయింది. ఏసుబాబు ఇంకోసారి దగ్గరికి వచ్చి, అతని మొహంలో వెలుగు చూసి, వెనక్కి వెళ్ళి జీపు ముందు చక్రం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

నాగాయలంక వచ్చాక చీటీలు లెక్కపెట్టాడు. కంకికి నూట నాలుగు. ఎద్దులకి తొంభై ఏడు. దీపానికి ఆరు, తక్కెడకి అయిదు. నూట నాలుగు మందికి మేలురకం విత్తనాలు కావాలి! శేషాచలం సంతోషంతో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కానీ ఎద్దుల సంగతి? ఒక్క ఊళ్ళో తొంభై ఏడు ఇళ్ళవాళ్ళు పశువుల మందు అడిగారంటే అది మామూలు విషయం కాదు. వెంటనే పోస్టాఫీసుకి వెళ్ళి గుడివాడ పశువైద్యులకి టెలిగ్రాం ఇచ్చాడు. రేవుపాలెంలో పశువులకి పెద్దరోగం, తొంభై ఏడు కేసులు, తక్షణం రావాలి.

తిరుగు ప్రయాణంలో ఏసుబాబు ఇక ఆగలేకపోయాడు. "ఊళ్ళో ఒక్క ఎద్దుకి కూడా రోగం లేదండి. వాళ్ళు ఓట్లేశారు."

ఆ మాట వినగానే అది నిజమని శేషాచలంలో ఏదో ఒక మూల ఒప్పుకుంది. మిగతా మనసంతా ఆ మూలని తలుపు వేసి మూసింది. ఆ వరస, ఆ ముసలమ్మ దీవెన, అవన్నీ వేరే ఎవరికోసమో వచ్చాయని ఒప్పుకోవడం అతనికి చేతకాలేదు.

"రాజకీయాలు మాట్లాడకు ఏసుబాబూ. మనం ప్రభుత్వోద్యోగులం," అన్నాడు.

బుధవారం గుడివాడ నించి ముగ్గురు పశువైద్యులు సూదులతో దిగారు. రేవుపాలెం ఎడ్లు మూడు ఊళ్ళ పొలాల్లో పడి పరిగెత్తాయి. ఓటేసినందుకు ఎద్దుకి సూది వేస్తారని ఎవరూ ముందు చెప్పలేదని రైతులు గొడవపెట్టారు. శుక్రవారం అసలు పెట్టెలు వచ్చాయి. బడిలో ప్రిసైడింగు ఆఫీసరు సాయంత్రం దాకా ఈగలు తోలుకున్నాడు. మనుషుల్ని పిలిపిస్తే, వచ్చినవాళ్ళు పసుపు మరక పడ్డ వేలు చూపించారు. "రెండోసారి వేస్తే జైలంటగా? మీరే చెప్పారు," అంది పున్నమ్మ. "ఆ జీపు బాబు మర్యాదగా వేయించుకున్నాడు. మీరు కనీసం కూచోమనలేదు."

శనివారం కలెక్టరాఫీసుకి రెండు అర్జీలు చేరాయి. జీపులో పడ్డ చీటీలన్నీ లెక్కలో కలపాలని ఒక పక్షం, వాటిని వెంటనే తగలబెట్టాలని ఇంకో పక్షం. ఎవరు ఏది కోరారో ఊహించడం కష్టం కాదు. ఆ ఊరికి మళ్ళీ పోలింగు పెట్టారు. శేషాచలం మీద విచారణ వేశారు.

విచారణ అధికారి ఒక డిప్యూటీ కలెక్టరు. వయసు మళ్ళినవాడు, తొందర లేనివాడు. జీపుని ఆవరణలోకి తెప్పించి, పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"ఈ చీలికలేమిటండీ?"

"విత్తనాలకి గాలి కోసమండీ. వడ్రంగి పడవలు కట్టేవాడు, సందు లేకుండా చేశాడు."

"పరదా?"

"రైతుల సిగ్గు పోవడానికి."

"వేళ్ళ మీద టించరు?"

"వాళ్ళు చాపారండీ."

పక్కనున్న గుమాస్తా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డిప్యూటీ కలెక్టరు నవ్వలేదు. ఆయన కళ్ళలో కనిపించినది కోపం కాదు, అనుమానం కూడా కాదు. వెర్రివాణ్ణి చూసే ఓర్పు. ఆ ఓర్పు శేషాచలానికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"ఆఖరి ప్రశ్న. బొమ్మలెందుకు? అరలు తెరిచేది మీరూ మీ డ్రైవరూ. ఇద్దరికీ పేర్లు రాస్తే సరిపోయేది కదా?"

సరదాకి వేయించానని చెప్పొచ్చు. చూడముచ్చటగా ఉంటాయని చెప్పొచ్చు. ఇప్పటిదాకా చెప్పిన జవాబుల పక్కన అది పెద్ద తెలివితక్కువగా కూడా కనపడదు. ఇదంతా శేషాచలానికి ఆ క్షణంలోనే తెలుసు. తరవాత ఎన్నోసార్లు ఆ క్షణాన్ని తీసి చూసుకున్నాడు. భయపడ్డానేమోనని వెతికాడు. భయం దొరకలేదు. ఉద్యోగం పోదని అప్పటికే అర్థమైంది. అతన్ని పట్టుకున్నది ఇంకొకటి. ఈ పెట్టె వెనక ఒక మంచి ఉద్దేశం ఉందని ఎదుటి మనిషికి తెలియాలి. వెర్రివాడిగా లేచి వెళ్ళడం ఇష్టం లేదు. దయగలవాడిగా లేచి వెళ్ళాలి.

"మా డ్రైవరుకి చదవడం రాదండీ," అన్నాడు. "అతను చిన్నబుచ్చుకోకూడదని బొమ్మలు వేయించాను."

డిప్యూటీ కలెక్టరు కలం కింద పెట్టాడు. దస్త్రంలోంచి ఒక కాగితం బయటికి లాగాడు.

"పొద్దున్నే మీ డ్రైవరుని విడిగా అడిగాను. అతను చెప్పింది చదువుతాను. 'బొమ్మలు నేనే వేయించానండి. ముచ్చటపడి చేశాను. అయ్యగారికి ముందు తెలీదు. తప్పు నాదే.'" ఆయన కాగితం మడిచాడు. "తమాషా మనిషిలే, మందలించి వదిలేద్దామనుకున్నాను. రెండు ముక్కల్లో ఫైలు మూసేసేవాణ్ణి. ఇప్పుడెలా కుదురుతుందండీ? చదువు రాకుండా ఆరేళ్ళు లాగ్‌బుక్కు రాశాడు. పైగా నాకు అబద్ధం చెప్పాడు."

"నేను అన్న మాట రాయకుండా ఉండడానికి వీలుందా అండీ?" అన్నాడు శేషాచలం.

గుమాస్తా రాసేసినంత మేరా చూపించాడు. దస్తూరీ బాగుంది.

విచారణ తరవాత వచ్చిన ఆదివారం పగలు శేషాచలం ఏసుబాబు ఇంటికి వెళ్ళాడు. చర్చి నించి అప్పుడే వచ్చినట్టున్నారు. కృపావతి ఇస్త్రీ చీర మార్చుకోకుండానే స్టూలు తెచ్చి వేసింది. ఏసుబాబు ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుకుంటున్నాడు. గుడివాడలో రైసుమిల్లు లారీకి మనిషి కావాలన్నారట.

"రండి బాబూ. ఎండలో పడి వచ్చారు."

శేషాచలం కూర్చోలేదు. "అబద్ధం ఎందుకు చెప్పావు ఏసుబాబూ?"

"మీరు మాటిచ్చారు కదండీ. బొమ్మలెందుకని అడుగుతారు, మీకేమో అబద్ధమాడడం చేతకాదు, ఇరకాటంలో పడతారని ముందే నా మీద వేసుకున్నాను." అతను ఒక చొక్కా మడిచి పెట్టాడు. "మీకో ముక్క చెబుదామనే చూశానండి. బయట బెంచీ మీద కూచోనియ్యలా, పంపించేశారు."

నిష్ఠూరం కోసం శేషాచలం అతని మొహమంతా వెతికాడు. ఉంటే తేలిగ్గా ఉండేది. "నేను... మంచి ఉద్దేశంతోనే..."

"తెలుసండి," అన్నాడు ఏసుబాబు.

కృపావతి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగేదాకా ఆగి, గ్లాసు అందుకుంటూ అంది: "ఆరేళ్ళు రాశానండీ ఆ పుస్తకం. ఒక్క మైలు తేడా రాలేదు. ఆ సంగతి కూడా చెప్పాల్సింది మీరు."

నెల తిరిగేసరికి బందరుకి రెండు ఉత్తర్వులు వచ్చాయి. నిరక్షరాస్యతని దాచినందుకూ, విచారణలో అబద్ధం చెప్పినందుకూ డ్రైవరు ఏసుబాబుని తొలగించారు. రెండోది శేషాచలం సర్వీసు రిజిస్టరులో చేర్చమని వచ్చిన డిప్యూటీ కలెక్టరు అభిప్రాయం. హెడ్ గుమాస్తా దాన్ని ఆఫీసులో అందరికీ వినపడేలా చదివి, అభినందనలు చెప్పాడు.

ఎంతటి ఇబ్బందిలోనైనా నిజమే చెప్పే అధికారి అని అందులో ఉంది.